కిల్‌రష్ రేవులో నా శనివారాలు

ఐర్లండులో షానన్ నది సముద్రంలో కలవబోయే ముందు దాని కుడి గట్టున కనిపించే చిన్న ఊరు కిల్‌రష్. మీలో ఎవరైనా వెళ్ళేటట్లయితే ఎండాకాలంలో వెళ్ళండి. పడవెక్కి దీవి చూడండి, రేవు గట్టు మీద కూర్చుని వేయించిన చేప తినండి. నేను వెళ్ళింది ఏప్రిల్ మొదట్లో. ఆ నీళ్ళలో దిగి ఈదడానికి, ఈది వచ్చి సైకిలు తొక్కడానికి, తొక్కి వచ్చి పరుగెత్తడానికి వెళ్ళాను. ఈ మూడూ మధ్యలో ఆగకుండా వరసగా చేసే పందేన్ని ట్రయథ్లాన్ అంటారు. నేను చేసింది అందులో అన్నిటికన్నా చిన్న రకం. క్షేమంగా తీసుకెళ్ళి క్షేమంగా తెచ్చిన దేవుడికి స్తోత్రం. మిగిలిన సంగతులకి స్తోత్రం ఎలా చెప్పాలో నాకింకా తెలియలేదు.

పోర్ట్‌లీష్

మేముండేది పోర్ట్‌లీష్‌లో. నేను ముసలివాళ్ళ నర్సింగ్ హోమ్‌లో కేరర్‌ని. మా ఆయన దానియేలు నర్సు. మా అమ్మాయి కెజియాకి పదేళ్ళు. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఈ ఊరి యాసలో ఇంగ్లీషులో వస్తుంది. మాది ఒంగోలు దగ్గర. ఉబ్బసం వల్ల నన్ను బడికి పంపలేదు. నాన్న ఇంట్లోనే పరిశుద్ధ గ్రంథం ముందు పెట్టుకుని అక్షరాలూ లెక్కలూ నేర్పారు. ఇచ్చిన మాట తప్పకూడదన్నదీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఉబ్బసపు పిల్లనని బావి గట్టు దగ్గరికి కూడా రానివ్వని ఇంట్లో పెరిగినదాన్ని, ఈ దేశానికి వచ్చాక ఈత నేర్చుకున్నాను. శనివారం పొద్దున రెండు గంటలు పూల్‌కి వెళ్తాను. వారం మొత్తంలో నన్ను ఎవరూ పిలవని సమయం అదొక్కటే. హోమ్‌లో గంట మోగితే లేవాలి, ఇంట్లో కేకేస్తే లేవాలి. నీళ్ళలో తల పెడితే చెవులు మూతపడతాయి. ఇంకో సంగతి చెబితే మా చర్చి సంఘంలో నవ్వుతారు. నేను మనసారా ప్రార్థన చేసుకునేది అక్కడే.

పోయిన చలికాలం మా ఆయనకి విసుగొచ్చింది.

"శుక్రవారం నైట్ డ్యూటీ చేసొస్తే ఇంట్లో నువ్వుండవు. పిల్లని ఎవరు చూడాలి? ఆడవాళ్ళ ప్రార్థన కూడిక శనివారమే పెట్టారు. అందరూ వస్తన్నారు, నువ్వు తప్ప. పాస్టరమ్మగారు రెండుసార్లు అడిగింది, కృప ఎక్కడయ్యా అని. ఈతకి పోయిందని చెప్పమంటావా?"

"చెప్పండి. దొంగతనానికైతే పోలేదుగా."

"ఈది ఏం సాధిస్తావే? ఒక్కటి చెప్పు."

నాతో ఈదే ఆడవాళ్ళు కిల్‌రష్ పందెంలో పేరిస్తున్నారని, నేనూ ఇస్తానని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి బేరం పెట్టారు. "సరే, పూర్తి చేసి చూపించు. చేశావా, శనివారాలు నీవి, జన్మలో అడగను. చెయ్యలేకపోయావా, ఈ నీళ్ళ పిచ్చి ఆపేసి కూడికకి రావాలి." సరేనన్నాను. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ మాట ఆయన దేవుడి ముందు కూడా పెట్టారు. మా ఇళ్ళల్లో ప్రార్థనలో పెట్టిన మాట రిజిస్ట్రీ ఆఫీసులో సంతకం పెట్టినదానికంటే గట్టిది.

ఎనిస్ మీదుగా

శుక్రవారం మధ్యాహ్నం బయలుదేరాం. నా సైకిలు కారు వెనక కట్టింది, టైర్లలో గాలి చూసింది, గొలుసుకి నూనె రాసింది మా ఆయనే. ఆ మాట దాచను. లిమరిక్ దాటేవరకూ పెద్ద రోడ్డు, చెప్పుకోవడానికేమీ లేదు. ఎనిస్ దాటాక దారి సన్నబడింది. రెండు పక్కలా ముళ్ళపొదలకి పసుపు పూలు, వాటి వెనక అప్పుడప్పుడే కాళ్ళు నిలదొక్కుకుంటున్న గొర్రెపిల్లలు. ఇక్కడి పల్లెల్లో ఎదురొచ్చే డ్రైవరు ఎవరైనా సరే స్టీరింగ్ మీంచి ఒక్క వేలు పైకి లేపుతాడు. పలకరింపు అంటే అంతే. మా ఆయన మాత్రం ప్రతివాడికీ చెయ్యి మొత్తం ఎత్తి ఊపారు.

"డాడ్, ఇట్స్ జస్ట్ ద ఫింగర్," అంది కెజియా.

"మనకి వేలితో పలకరించే అలవాటు లేదమ్మా," అన్నారాయన.

దారిలో టీ కోసం ఆగిన చోట చిన్న ప్రమాదం బయటపడింది. బ్రెడ్డులోకని తెచ్చుకున్న ఆవకాయ సీసా మూత వదులై, నూనె సంచిలో నా ఈత టోపీ మీదకి కారింది. తెల్ల టోపీ ఎర్రబడింది. టీకొట్టు ఆవిడ చూసి కంగారుగా, "తలకి దెబ్బ తగిలిందా?" అని అడిగింది. పచ్చడని చెప్తే వాసన చూసి, కళ్ళు తుడుచుకుంటూ, "దీన్ని మీరు తింటారా?" అంది. అక్కడ టీ మూడు యూరోలు, దాంతో పాటు వెన్న రాసిన స్కోన్ అనే చిన్న రొట్టె ఉచితం. ఇచ్చిన చేతికి స్తోత్రం.

బ్రీడా గారిల్లు

రాత్రికి దిగింది బ్రీడా అనే డెబ్బై ఏళ్ళావిడ ఇంట్లో. మేడ మీద రెండు గదులు అద్దెకిస్తుంది. ఇంటి నిండా ఇక్కడివాళ్ళు కట్టెల బదులు కాల్చే ఎండు మట్టిగడ్డల పొగ వాసన. మన ఊళ్ళో పిడకల పొగలా చిరచిరలాడదు, మెత్తగా ఉంటుంది. కిటికీలోంచి నది వెడల్పుగా, దాని మధ్యలో దీవి, దీవి మీద ఒంటరిగా నిలబడ్డ రాతి గోపురం కనిపించాయి.

పొద్దున ఓట్స్ గంజి పెట్టింది. చక్కెర వద్దని ఉప్పూ కాస్త కారప్పొడీ కలుపుకుంటుంటే నా వంక జాలిగా చూసింది. "ఈ రోజు ఆ నీళ్ళల్లో దిగుతావా? నేను పుట్టింది ఇక్కడే. జూన్ రాకుండా కాలు కూడా పెట్టను," అంది. అప్పటికే మా ఆయన వంటగదిలో అల్లం దంచుతున్నారు. ఆవిడ పాలూ, ఆవిడ స్టవ్వూ, మన టీపొడి. చిక్కగా కాచి పెద్ద ఫ్లాస్కులో పోశారు.

"ఎందుకండీ అంత?"

"నువ్వు వణుకుతూ వస్తే? నేనుండి కూడా నీకు గుక్కెడు టీ లేకపోతే ఎట్టా?"

నా కళ్ళు చెమర్చాయి. ఆ క్షణంలో దేవుడికి చెప్పుకున్న స్తోత్రం నిజమైనదే.

రేవు

పందెం మొదలయ్యే ముందు అందర్నీ గట్టు మీద నిలబెట్టి, మైకు పట్టుకున్న ఒక లావుపాటావిడ నియమాలు చెప్పింది. నీళ్ళు మరీ చల్లగా ఉన్నందున ఈత దూరం సగానికి తగ్గించామంది. ఆ తర్వాత, "బయటివాళ్ళ చేతి నుంచి ఏదీ తీసుకోవద్దు. కోటు వద్దు, అరటిపండు వద్దు, మీ మమ్మీ పోసిచ్చే టీ చుక్క కూడా వద్దు. తీసుకుంటే మీ నంబరు కొట్టేస్తాం. నీళ్ళు మేం పెట్టిన బల్ల దగ్గరే. ఒంట్లో బాగోకపోతే దారిలో కాపలా నిలబెట్టిన మా మార్షల్‌కి చెయ్యెత్తండి," అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా ఆయన అప్పుడు కారు నిలపడానికి చోటు వెతుక్కుంటూ ఊళ్ళో తిరుగుతున్నారు. ఆయన వచ్చాక ఆ నియమం నేను చెప్పాల్సింది. నాకు తోచలేదు.

నా పక్కన నోరీన్ అని అరవై దాటినావిడ నిలబడింది. నల్లటి రబ్బరు సూటులో ఇద్దరం నీటిపిల్లుల్లా ఉన్నాం.

"మొదటిసారా? ముందు ముఖం తడుపుకో. సూటు మెడలోంచి లోపలికి కొంచెం నీళ్ళు పోసుకో. లేకపోతే దూకగానే ఊపిరి బిగుస్తుంది."

"చచ్చిపోతామా?"

"చావం, లవ్. చావాలనిపిస్తుంది, అంతే."

ఆ నీళ్ళు చల్లగా ఉన్నాయంటే సరిపోదు. గట్టిగా ఉన్నాయి. చెయ్యి వేస్తే తెరుచుకోవడం లేదు. పళ్ళ కుదుళ్ళ దాకా నొప్పి పాకింది, నుదురు పగిలిపోతుందేమో అనిపించింది. ఊపిరి లోపలికి వెళ్తోంది గాని బయటికి రావడం లేదు. ఉబ్బసం రోజులు గుర్తొచ్చాయి. అప్పుడు నేను ఊపిరితో పాటు యేసయ్య పేరు లెక్కపెట్టుకున్నాను, పూల్‌లో చేసినట్టే. పేరుకో బార. మలుపు గుర్తుగా నీళ్ళ మీద తేలుతున్న నారింజరంగు బుడగ చుట్టూ తిరిగి గట్టు వైపు మళ్ళినప్పుడు, ఆశ్చర్యం, నాకు భయం లేదు. చెవులు మూతపడ్డాయి, ఎవరూ పిలవడం లేదు. ఆ కాసేపటికి ఆ నది నాదే.

ఒడ్డుకొచ్చాక వేళ్ళు పనిచెయ్యలేదు. హెల్మెట్ బకిల్ పట్టడం లేదు. ఎదురుగా పచ్చ జాకెట్టు వేసుకున్న మార్షల్ నిలబడి ఉంటే గడ్డం చూపించి బతిమాలాను.

"నేను ముట్టుకోకూడదు, లవ్. ముట్టుకుంటే నీకే నష్టం," అందావిడ. కానీ కదల్లేదు. "వేళ్ళు చంకల్లో పెట్టుకో. ఆఁ, అట్లా. కంగారు పడకు, నేనిక్కడే ఉన్నా." బకిల్ టక్కుమనేదాకా అక్కడే నిలబడింది. సాయం చెయ్యకుండా తోడుండటం ఎలా ఉంటుందో ఆ రోజే చూశాను.

నది పక్క దారి

సైకిలు దారి నది వెంబడే. గాలి ఎదురు. దూరంగా కరెంటు కర్మాగారం చిమ్నీలు రెండు కనిపిస్తుంటాయి, ఎంత తొక్కినా దగ్గరికి రావు. తడిబట్టలు ఒంటికి అంటుకుని, పాదాలు ఉన్నాయో లేవో తెలియలేదు. ఒక పొలం గేటు దగ్గర టోపీ పెట్టుకున్న ముసలాయన చెయ్యూపి అరిచాడు. "బాధపడకు, నువ్వు చివరిదానివి కాదు! నీ వెనక ఇంకో ఇద్దరున్నారు!" నవ్వొచ్చింది. నవ్వితే కాస్త వేడి కూడా పుట్టింది.

అడవిలో

పరుగు ఊరి పక్క అడవిలో. సైకిలు దిగాక కాళ్ళు నావి కానట్టే ఉన్నాయి. వణుకు తగ్గలేదు గాని అడుగు పడుతోంది. దారి సగం అయ్యేసరికి, పూర్తి చేస్తానని నాకు తెలిసిపోయింది. శనివారాలు నావే అనుకున్నాను. అప్పుడే చెట్ల మధ్య నుంచి మా ఆయన వచ్చారు. చేతిలో ఫ్లాస్కు, భుజాన తన కోటు, వెనక కెజియా.

"ఆగు, ఆగవే. పెదాలు చూడు, నీలంగా ఎట్టా ఉన్నాయో. తాగు ముందు."

"వద్దండి. తీసుకోకూడదు. రూలు."

"ఎవడి రూలు? నేను నర్సుని. ఇంత చలిలో మనిషికి ఏమవుద్దో నాకు తెలీదా? తాగమంటన్నానా!"

నేను పరుగు ఆపలేదు. ఆయన నా పక్కనే పరుగెత్తుతూ కోటు నా భుజాల మీద వేశారు. మూత నిండా టీ పోసి నోటి దగ్గర పెట్టారు. పోస్తూ సగం తన చేతి మీదే ఒలకబోసుకున్నారు, కాలినా పట్టించుకోలేదు.

"డాడ్, షీ సెడ్ నో!" అని కెజియా వెనక నుంచి అరిచింది.

దారికి అటూ ఇటూ జనం. కొందరు చప్పట్లు కొడుతున్నారు, ఎంత ప్రేమో అనుకుంటూ. ఇంత మందిలో మొగుడి చెయ్యి తోసేసిన ఆడదాన్ని మా వైపు నేనెప్పుడూ చూడలేదు. చేతిలో పెట్టినదాన్ని కాదనడం నాకు ఎవరూ నేర్పలేదు. నాన్న కూడా నేర్పలేదు. ఒక గుక్క తాగాను. వేడిగా, అల్లం ఘాటుగా, చాలా బాగుంది. నోటికొచ్చిన మాట, "థాంక్సండీ."

కోటు తీసి ఇచ్చేసి ముందుకి పరుగెత్తాను. మలుపులో నిలబడ్డ మార్షల్ నా నంబరు వైపు చూసి, చేతిలోని అట్ట మీద ఏదో రాసుకున్నాడు. నాకు సంతోషంగా చెయ్యి కూడా ఊపాడు.

ఫలితాలు

గీత దాటాను. మెడలో పతకం వేశారు. నోరీన్ వచ్చి వాటేసుకుంది. కెజియా ఏడ్చింది. మా ఆయన ఫోటోలు తీశారు. ఆ కాసేపూ అందరం నిజంగానే సంతోషంగా ఉన్నాం.

నా పేరు ఆయనే ఆన్‌లైన్‌లో నమోదు చేశారు కాబట్టి ఫలితాలు ఆయన ఫోనుకే వచ్చాయి. హాల్లో సూపు తాగుతున్నాం. చూసి, ముఖం చిట్లించి, మళ్ళీ చూశారు.

"ఇదేంటి, నీ పేరు పక్కన టైము లేదు. 'అనర్హత' అని ఉంది."

నేను వెళ్ళి మైకావిడని అడిగాను. పోట్లాడలేదు, అడిగానంతే. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "అవునమ్మా, టీ తాగావు కదా. సారీ. నువ్వు గ్రాండ్‌గా చేశావు, అందరం చూశాం. పతకం ఉంచుకో, ఎవరడుగుతారు?" ఆవిడ మంచిదే. పద్ధతి పద్ధతే.

తిరిగొచ్చి చెప్పాను. మా ఆయన ఫ్లాస్కు వైపు ఒకసారి చూశారు.

"నాకు తెలీదు కదా ఆ సంగతి," అన్నారు.

"తెలీదండి. నేను చెప్పలేదు."

అక్కడితో ఆగిపోయి ఉంటే ఈ ప్రయాణం గురించి వేరేగా రాసేదాన్ని. ఆయన సూపు తాగారు. గిన్నె పక్కన పెట్టారు. మెల్లిగా అన్నారు:

"అంటే మరి పూర్తి అయినట్టు కాదుగా."

మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన ముఖంలోకి చూశాను. వేళాకోళం లేదు, కోపం లేదు. లెక్క సరిచూసుకునే మనిషి ముఖం.

"మీరిచ్చింది తాగినందుకండీ."

"నేనిచ్చాను సరే. రూలు తెలిసినదానివి నువ్వు, తాగకుండా ఉండాల్సింది."

కెజియా బల్ల మీద చేతులు పెట్టుకుని మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసింది. "దట్స్ నాట్ ఫెయిర్, డాడ్."

"ఫెయిరో కాదో నాన్నా, ప్రార్థనలో పెట్టిన మాట. దేవుడి చిత్తం ఇట్టా ఉందేమో."

"దేవుడి చిత్తంలో మీ ఫ్లాస్కు కూడా ఉందాండీ?" అన్నాను.

ఆయన ఫ్లాస్కు తీసి సంచిలో పెట్టారు. ఆయన కావాలని చెయ్యలేదు. ఆయన భయం నిజం, కాలిన చెయ్యి నిజం. కావాలని చేసి ఉంటే నాకు సుఖంగా ఉండేది, కోపం పెట్టుకోవడానికి ఒక చోటు దొరికేది. ప్రేమతో ఇచ్చి, ఇచ్చిన దాని వల్ల నేను ఓడిపోతే, ఆ గెలుపు తాను తీసుకున్న మనిషిని ఏమనాలో నాకు తెలియదు.

"మాట మాటే. వచ్చే శనివారం నుంచి కూడికకి వస్తాను," అన్నాను. అంత తొందరగా ఒప్పుకుంటానని ఆయన అనుకోలేదు. కొంచెం కలవరపడ్డట్టు కూడా కనిపించారు. ఆ మాట నిలబెట్టుకుంటున్నాను. ఇది రాస్తున్నది కూడా ఒక శనివారం పొద్దున, కూడికకి కట్టుకోవాల్సిన చీర పక్కన పెట్టుకుని.

వంటగది

సాయంత్రం పిల్లా ఆయనా పడుకుంటే నేను కింద వంటగదిలో బ్రీడా గారికి గిన్నెలు తుడిచిపెట్టాను. వద్దంటూనే గుడ్డ అందించింది. కిటికీలోంచి దీవి చూపించి, అక్కడ ఎవరుండేవాళ్ళని అడిగాను.

"పూర్వం ఒక పెద్ద సాధువు మఠం కట్టుకుని ఉండేవాడు. ఆడది కాలు పెట్టడానికి వీల్లేదు. చచ్చిపోబోతున్న ఒక భక్తురాలు, అక్కడ సమాధి చేయించుకోవాలని నీళ్ళ మీద నడిచి వచ్చిందట."

"నీళ్ళ మీదా?"

"నువ్వు పొద్దున ఈదినట్టు కాదులే, నడిచే వచ్చిందట. అయినా రానివ్వలేదు. వాదించగా వాదించగా, ఆటుపోట్లు తగిలే అంచున, అలలు సమాధిని కడిగేసే చోట పాతిపెట్టనిచ్చాడు." ఆవిడ ఒక పళ్ళెం ఆరబెట్టింది. "ఆయన సెయింటయ్యాడు. ఆవిడకి బురద దక్కింది. మా అమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా దీవికేసి ఉమ్మేది."

నేను ఉమ్మలేదు. నేను ఆ పని చేసే మనిషిని కాను. కానీ చాలాసేపు అటే చూశాను.

తిరుగు దారి

ఆదివారం పొద్దున బయలుదేరాం. మా ఆరాధన మధ్యాహ్నం కాబట్టి తొందర లేదు. దారిలో ఊళ్ళ గంటలు మోగుతున్నాయి, ముసలివాళ్ళు కోట్లు వేసుకుని పూజకి వెళ్తున్నారు. ఎదురొచ్చిన ఒకాయన వేలు లేపాడు. మా ఆయన చెయ్యి ఎత్తలేదు.

లిమరిక్ దాటాక పెట్రోలు బంకు దగ్గర ఆగాం. ఈ దేశంలో బంకుల్లోనే వేడివేడి బ్రెడ్డు రోల్ కోసి, లోపల సాసేజీలూ గుడ్డూ పెట్టి ఇస్తారు. మూడు తీసుకుని కారులోనే కూర్చున్నాం. అద్దాలు ఆవిరితో మసకబారాయి. ప్రయాణాల్లో భోజనానికి ప్రార్థన ఎప్పుడూ నాదే. కళ్ళు మూసుకున్నాను.

బ్రీడా గారి గంజికి స్తోత్రం చెప్పాను. నోరీన్ మాటకీ, గేటు దగ్గరి ముసలాయన కేకకీ చెప్పాను. హెల్మెట్ ముట్టుకోకుండా పక్కన నిలబడ్డావిడకి చెప్పాను. నంబరు రాసుకున్న మార్షల్‌కి కూడా చెప్పాను, తన పని తాను సరిగ్గా చేసినందుకు. నీళ్ళకి చెప్పాను. కెజియా నోటికి చెప్పాను. తర్వాత ఆగాను.

కారులో రోల్ కాగితం చప్పుడు కూడా లేదు. ప్రతిసారీ ఆఖరున ఆయన పేరు వస్తుంది. ఇంత దూరం నడిపిన చేతుల్ని దీవించమంటాను, అప్పుడు ఆయన ఆమెన్ అంటారు. ఆయన కళ్ళు మూసుకుని దాని కోసం చూస్తున్నారని, నేను కళ్ళు తెరవకుండానే తెలుస్తోంది.

"అయిందా?" అన్నారు చివరికి.

"అయిందండి."

తనే ఆమెన్ అన్నారు.